కుక్క మింగింది, బిల్లు ఎంత?

మా ఇంటి పద్దుల పుస్తకంలో పాలు, కరెంటు, పిల్లల ఫీజుల తర్వాత బంటికి ఒక పేజీ ఉంటుంది. బంటి మా నాటు కుక్క, 14 కిలోలు తూగుతుంది. దాని తిండి, టీకాలు, పిడుదుల మందు ఖర్చు చూసి ఎవరూ ఏమీ అనరు. ‘అత్యవసరం’ అని రాసుకున్న గడి దగ్గరే అందరూ ఆగిపోతారు. కుక్కకు కూడా నిధి ఏమిటి వదినా అని మా ఆడపడుచు నవ్వింది. కుక్క అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మింగకూడనిది మింగుతుంది. ఆ పూట చేతిలో డబ్బు లేకపోతే ‘పొద్దున చూద్దాంలే’ అనుకుంటాం. పొద్దుటికి ఆ బిల్లు రెండింతలో మూడింతలో అయి కూర్చుంటుంది. ఆ గడి పెట్టుకున్నది ఆ ‘చూద్దాంలే’ అనే మాట ఇంట్లో వినపడకుండా ఉండడానికే.

మాది విజయవాడ. ఎండాకాలం వస్తే ఇంటినిండా బంగినపల్లి టెంకలే. ఒక రాత్రి భోజనాలయ్యాక బంటి ఒక టెంకను నాకుతూ నాకుతూ గుటుక్కున మింగేసింది. “ఉప్పునీళ్లు పట్టించమ్మా, కక్కేస్తుంది” అన్నారు మా అత్తయ్య. ఆవిడ కాలంలో అందరూ చేసిన వైద్యమే అది. కానీ ఉప్పు ఎక్కువైతే కుక్క రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్సు వస్తాయి. టెంకకు ఒక బిల్లు, ఉప్పుకు ఇంకో బిల్లు కట్టుకోవాలి. పైగా టెంక లాంటి పెద్ద గరుకు వస్తువును కక్కిస్తే దారిలో అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అత్తయ్యకు అలా చెప్పి, ఆటో పిలిచాం.

రాత్రి తెరిచి ఉన్న ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. ఎముక, ఇనుము కనిపించినంత స్పష్టంగా టెంక ఎక్స్‌రేలో కనిపించదు, అందుకని అల్ట్రాసౌండు కూడా చేశారు. టెంక ఇంకా పొట్టలోనే ఉంది. ఆపరేషన్ అక్కడే అప్పుడే చేయిస్తే దాదాపు రూ.35 వేలు అన్నారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రిలో ఖర్చు చాలా తక్కువ, కానీ పొద్దున ఓపీ దాకా ఆగాలి. మా ఆయన జేబు తడుముకోవడం చూసి డాక్టరుగారికి నేనే సూటిగా ప్రశ్న వేశాను: “డబ్బు సంగతి పక్కన పెట్టి చెప్పండి, ఇది పొద్దుటిదాకా ఆగుతుందా?” వాంతులు లేవు, కడుపు నొప్పి లేదు, టెంక కదల్లేదు, సెలైన్ పెట్టి గమనిస్తే ఆగొచ్చు అన్నారాయన. కదిలితే మాత్రం ఆ రాత్రే కోయాలి అన్నారు. అంటే రూ.35 వేలు చేతిలో సిద్ధంగా ఉంటేనే ఆగగలం. డబ్బు లేక ఆగడానికీ, డబ్బు పెట్టుకుని డాక్టరు మాట మీద ఆగడానికీ ఉన్న తేడా నాకు ఆ రాత్రి బాగా అర్థమైంది.

టెంక పొట్ట దాటి చిన్నపేగులోకి దిగితే లెక్క మారిపోతుంది. పొట్టను కోసి తీయడం పేగును కోసి తీయడం కంటే సులువు, ప్రమాదమూ తక్కువ. పేగులో అడ్డం పడ్డాక అక్కడ రక్తప్రసరణ తగ్గి పేగు కుళ్లిందంటే ఆ ముక్క కత్తిరించి రెండు కొసలూ అతకాలి. కుట్టు కారితే కడుపంతా చీము. ఒక్కో మెట్టు దిగేకొద్దీ మత్తు సమయం, యాంటీబయాటిక్స్, ఆసుపత్రిలో ఉండే రోజులు పెరుగుతాయి, బతికే అవకాశం తగ్గుతుంది. టెంక, మొక్కజొన్న కంకి, సాక్సు, బంతి ఏదైనా ఇదే వరస.

మర్నాడు గన్నవరంలో ఆపరేషన్ అయింది. రాత్రి స్కాను, సెలైన్, పొద్దుటి మందులు, కుట్లు, రానుపోను ఖర్చు అంతా కలిపి రూ.12 వేల లోపే తేలింది. తెలంగాణలో ఉన్నవాళ్లకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఇలాంటిదే. 1962కు ఫోన్ చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం ఉంది, కాకపోతే అది ముఖ్యంగా పల్లెల్లో పాడి పశువుల కోసం పెట్టింది. అర్ధరాత్రి మీ కుక్క కోసం అది వస్తుందని లెక్క వేసుకోవద్దు.

టెంక విషయంలో ఆగడానికి సందు దొరికింది. విషం విషయంలో అది ఉండదు. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. వాళ్ల కుక్క గోడౌన్‌లో ఎలకల మందు బిళ్ల తింది. చూడడానికి చలాకీగానే ఉంది, సాయంత్రం చూస్తా అక్కా అన్నాడు. నేను ఫోన్‌లో అరిచినంత పని చేశాను. బ్రోమడియోలోన్ రకం మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, లక్షణాలు రెండు మూడు రోజులకు గానీ బయటపడవు. చిగుళ్ల నుంచి రక్తం కారి, కుక్క ఆయాసపడేనాటికి రక్తం ఎక్కించాల్సిన స్థితి వచ్చేస్తుంది. మింగిన రెండు గంటల్లోపు వెళితే కక్కించి, బొగ్గు మందు పట్టించి, విటమిన్ కె1 మాత్రలు కొన్ని వారాలు వాడమంటారు. వాడు వెంటనే వెళ్లాడు. వెళ్తూ మందు ప్యాకెట్ పట్టుకెళ్లాడు. ఆ ప్యాకెట్‌తో చాలా డబ్బు మిగిలిందంటాను, ఎందుకంటే ఏ విషమో తెలియకపోతే డాక్టరు ఒక్కో పరీక్షా చేస్తూ వెతకాలి. ఎలకల మందుల్లోనే జింక్ ఫాస్ఫైడ్ రకం పూర్తిగా వేరు. దానికి విరుగుడు లేదు. తిండి పెడితే పొట్టలో ఆమ్లం ఊరి విషవాయువు ఇంకా పుడుతుంది, కుక్క కక్కినప్పుడు ఆ వాయువు కారులో ఉన్న మనుషులకూ ప్రమాదమే. అద్దాలు దించుకుని వెళ్లాలి.

కక్కించడం అన్నిటికీ మందు కాదు. టాయిలెట్ కడిగే యాసిడ్, కిరోసిన్, గడియారం బ్యాటరీ, సూది లాంటివి మింగితే కక్కించకూడదు. కుక్క మత్తుగా పడి ఉన్నా కక్కించకూడదు. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగు కోసుకుపోతుంది. పాలు పోయడం, నూనె పోయడం కూడా మానేసి, ఏం మింగింది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అన్న నాలుగు ముక్కలు ఫోన్‌లో డాక్టరుకు చెప్పండి. కక్కించడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఆయన చెబితేనే పట్టించాలి.

అన్నిటికీ పరుగెత్తనక్కర్లేదు కూడా. చాక్లెట్‌లో కుక్కకు పడనిది థియోబ్రొమిన్. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల దగ్గర లక్షణాలు మొదలవుతాయి. మామూలు మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్‌లో 5 దాకా, వంట కోకోలో ఇంకా చాలా ఎక్కువ. 10 కిలోల కుక్క 50 గ్రాముల మిల్క్ చాక్లెట్ తింటే కిలోకు 10, ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండమని డాక్టరు అనొచ్చు. అదే డార్క్ అయితే 25, అప్పుడు వెళ్లాల్సిందే. ఈ లెక్క కాగితం మీద వేసి, డాక్టరుకు ఒక ఫోన్ చేసి, రాత్రి కన్సల్టేషన్ ఫీజు మిగుల్చుకున్న సందర్భమూ మా పేజీలో ఉంది. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లోని జైలిటాల్‌తో మాత్రం లెక్కలు వేస్తూ కూర్చోవద్దు, కొద్దిసేపట్లోనే కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది.

ద్రాక్ష, కిస్మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలుసు. అందుకు టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలోని పశు విష నిపుణులు 2021లో చెప్పాక, అదే ఆమ్లం దండిగా ఉన్న చింతపండు మీదా అనుమానం పడింది. పులిహోర లేని పండగ మనకు ఉండదు కాబట్టి నేను కొన్న మొదటి నివారణ వస్తువు కాలితో తొక్కితే తెరుచుకునే మూత చెత్తబుట్ట. రెండోది మిద్దెతోటలో ఎరువు మార్చడం. ఆముదం పిండి చవక, మొక్కలు ఏపుగా పెరుగుతాయి, కానీ దాని వాసనకు కుక్కలు ఎగబడతాయి, అందులో రిసిన్ విషం ఉంటుంది. దాన్ని మానేసి వర్మీకంపోస్టు వాడుతున్నాను. ఖర్చు పెరిగింది. గన్నేరు మొక్క కూడా తీసేశాం, దానికి ఖర్చేమీ కాలేదు, అత్తయ్య పూజకు మందారాలతో సరిపెట్టుకున్నారు.

ఇక నిధి సంగతి. ప్రభుత్వ రంగ న్యూ ఇండియా అస్యూరెన్స్‌తో సహా కొన్ని సాధారణ బీమా కంపెనీలు కుక్కలకు పాలసీ ఇస్తున్నాయి. నేను పత్రాలు తెప్పించుకుని చదివాను. చేరే వయసుకు పరిమితి, మొదట్లో నిరీక్షణ కాలం, ఏ జబ్బుకు వర్తించదో పెద్ద జాబితా. ఎక్కువగా ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి, అంటే బీమా ఉన్నా ఆ రాత్రి చేతిలో డబ్బు కావాలి. బంటికి వయసు మీదపడింది, అందుకని తీసుకోలేదు. ఖరీదైన జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లకైతే తీసుకోమనే చెబుతాను, మింగిన వస్తువుల ఆపరేషన్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి. ఆదాయపన్ను 80డి మినహాయింపులో కుక్క ప్రీమియానికి చోటు లేదు. పశువైద్య సేవలకు జీఎస్టీ లేదు, బిల్లులో డాక్టరు ఫీజు మీద పన్ను వేస్తే అడగండి.

మేం నెలకు రూ.1,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టి, అది ముగియగానే ఆ డబ్బు లిక్విడ్ ఫండ్‌లో వేశాం. వెంటనే సొమ్ము ఇచ్చే సదుపాయం ఉన్న ఫండ్లలో రోజుకు రూ.50 వేలు లేదా మన నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అది, అర్ధరాత్రయినా ఖాతాలో పడుతుంది. క్రెడిట్ కార్డును చివరి దారిగా ఉంచుకున్నాం. బాకీ నిలిపితే నెలకు మూడు శాతం పైన వడ్డీ పడుతుంది, అంటే టెంక బిల్లు ఏడాదంతా కడుతూనే ఉండాలి.

నిధికి పైన ఒక గీత కూడా గీసుకున్నాం, రూ.60 వేలు. ఇది రాసేటప్పుడు మా ఆయన ముఖం చిన్నబోయింది. ఆ గీత బంటి ప్రాణానికి కట్టిన వెల అనుకోకండి. అది దాటాల్సి వస్తే, బతికే అవకాశం ఎంత, బాధ ఎంత అని డాక్టరును అడిగి, పిల్లల ఫీజుల వైపు ఒకసారి చూసుకుని నిర్ణయించాలని మాత్రమే. అర్ధరాత్రి క్లినిక్ బెంచీ మీద ఏడుస్తూ వేసే లెక్కలన్నీ తప్పుతాయి, ఆ లెక్క ఇంట్లో కాఫీ తాగుతూ వేసుకోవాలి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. మీ ఊళ్లో రాత్రి తెరిచి ఉండే పశువైద్యశాలకు ఫోన్ చేసి, అల్ట్రాసౌండు ఉందా, విటమిన్ కె1 దొరుకుతుందా, అడ్వాన్సు ఎంత అడుగుతారు, యూపీఐ తీసుకుంటారా అని కనుక్కోండి. ఆ నంబరును కుక్క బరువుతో సహా ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.