రొమ్ము గడ్డకు శస్త్రచికిత్సతో బయాప్సీ – ఏమి జరుగుతుంది, ఎలా కోలుకుంటారు?

బయాప్సీ చెయ్యాలని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రానికే మన ఇళ్ళలో బంధువులు పోగవుతారు. ఆ మాటకూ కాన్సరుకూ మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు ఎవరికీ గుర్తుండదు. అనుమానం కలిగిన చోట నుంచి కొంత కణజాలాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించడమే బయాప్సీ. అలా పరిశీలించిన రొమ్ము గడ్డలలో చాలా వాటిలో కాన్సరు ఉండదు. ఇరవై, ముప్పై ఏళ్ళ స్త్రీలలో వేలితో నొక్కితే గోళీలా జారిపోయే గడ్డ చాలాసార్లు ఫైబ్రోఎడినోమా అనే నిరపాయకరమైన పెరుగుదలే. అయినా వేళ్ళతో తడిమి చూసి 'ఏమీ లేదులే అమ్మా' అని తేల్చి చెప్పగలిగే వైద్యుడు ఎవరూ లేరు. ముప్పై అయిదేళ్ళు శస్త్రవైద్యం చేసిన నేనూ చెప్పలేను.

ఈ రోజుల్లో మొదట చేసేది సూది బయాప్సీయే. మత్తు సూది వేసి, కొంచెం లావు సూదితో సన్నని పోగుల వంటి ముక్కలు తీస్తారు. చాలామందికి దానితోనే సమాధానం దొరుకుతుంది. శస్త్రచికిత్స అవసరం పడేది అది చాలనప్పుడు. మామోగ్రామ్‌లో కనిపించినదానికీ సూది ముక్కలో తేలినదానికీ పొంతన కుదరకపోవడం, కణాలు కాన్సరు కాకున్నా అసహజంగా కనిపించడం, గడ్డ త్వరగా పెరుగుతూ ఫిల్లోడ్స్ అనే రకమేమోనని అనుమానం రావడం, సూదికి అందని చోట ఉండటం వంటివి కారణాలు. మీ డాక్టరు నేరుగా 'కోసి తీసేద్దాం' అంటే, సూదితో ఎందుకు కుదరదని అడగండి. అడిగినందుకు మంచి డాక్టరెవరూ నొచ్చుకోరు.

దీనికి తిరుగు ముఖం కూడా ఉన్నది. పెళ్ళి కావలసిన పిల్ల, మచ్చ పడుతుందని పరీక్షనే వాయిదా వేసే తలిదండ్రులను చాలామందిని చూశాను. సూది బయాప్సీలో ఫైబ్రోఎడినోమా అని నిర్ధారణ అయి, గడ్డ చిన్నదై, పెరగకుండా ఉంటే కోత అవసరమే ఉండకపోవచ్చు. ఆ సంగతి తెలియాలన్నా ముందు పరీక్ష జరగాలి కదా.

'కత్తి తగిలితే కాన్సరు పాకుతుంది' అన్న భయం మరొకటి. ఆకు పసర్లు కట్టి నెలలు గడిపి వచ్చేవారు చెప్పేది ఇదే. బయాప్సీ వలన వ్యాధి ఒళ్ళంతా వ్యాపించదు. గడ్డ ముదిరిన తరువాత ఆసుపత్రికి వచ్చిన మనిషికి ఆపరేషను తరువాత వ్యాధి బయటపడితే, నింద కత్తి మీద పడుతుంది. పోయిన నెలల మీద ఎవరూ వెయ్యరు.

ఇక అన్నిటికంటె ముఖ్యమని నేను అనుకునే విషయానికి వస్తాను. అది మీరు సంతకం చేసే అంగీకార పత్రం. ఒకప్పుడు స్త్రీకి మత్తు ఇచ్చి, గడ్డ తీసి, ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షించి, కాన్సరు అని తేలితే అదే మత్తులో రొమ్మంతా తొలగించేవారు. మెలకువ వచ్చేసరికి రొమ్ము ఉంటుందో లేదో తెలియకుండా ఆమె బల్ల ఎక్కవలసి వచ్చేది. అమెరికాలో రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు 1974లో తన రొమ్ములో గడ్డను కనుగొన్నప్పుడు, ముందు బయాప్సీ మాత్రమే చెయ్యాలని, చికిత్స సంగతి తరువాత తానే నిర్ణయించుకుంటానని పట్టుబట్టింది. అందుకు ఒప్పుకునే శస్త్రవైద్యుడు దొరకడానికే ఆమె చాలా తిరగవలసి వచ్చింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు, పరీక్షను, చికిత్సను రెండు అంచెలుగా విడదియ్యాలని సిఫారసు చేసింది. మన దేశంలోనూ 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు అంగీకారం కాదని స్పష్టం చేసింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లలేదు.

కనుక కాగితం తెలుగులో ఉన్నదో లేదో చూడండి, లేకపోతే చదివి చెప్పమనండి. 'బయాప్సీ మాత్రమే' అని ఉన్నదా, 'అవసరమైతే మరేదైనా ఆపరేషను' అన్న వాక్యం కూడా ఉన్నదా అని గమనించండి. గడ్డ వంటి విషయంలో అంత తొందర పడవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఫలితం వచ్చాక కొద్ది రోజులు ఆలోచించుకునే వ్యవధి మీకు ఉంటుంది. సంతకం మీది, మీ భర్తదో కొడుకుదో కాదు.

ఆపరేషనుకు ముందు మీరు వాడే మందులన్నీ చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. అయితే గుండెలో స్టెంటు ఉన్నవారు వాటిని సొంతంగా మానరాదు. మధుమేహం మందుల సంగతీ అడిగి తెలుసుకోండి. నెల తప్పి ఉంటే తప్పక చెప్పండి. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపమంటారు. ముందు వైపు హుక్కులున్న రవిక వేసుకుని వెళ్ళండి. తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి పైకెత్తడం కష్టంగా ఉంటుంది. మంగళసూత్రం గొలుసు సరిగ్గా కోత పెట్టే చోట పడుతుంది, పైగా రక్తస్రావాన్ని ఆపే విద్యుత్ పరికరం వాడేటప్పుడు ఒంటి మీద లోహం ఉండకూడదు. తియ్యడానికి మనసొప్పని వారికి మా నర్సులు పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి ఇచ్చేవారు. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

గడ్డ చేతికి తగలకుండా మామోగ్రామ్‌లోనే కనిపిస్తే, ఆపరేషనుకు కొద్దిగా ముందు దాని దగ్గరకు సన్నని తీగ ఒకటి పంపుతారు. తీగ చివర కొక్కెం ఉంటుంది. శస్త్రవైద్యుడు ఆ తీగ వెంట వెళ్ళి అనుమానించిన భాగాన్నే తీస్తాడు. తీసిన ముక్కకు మళ్ళీ ఎక్స్‌రే తీసి, కావలసిన చోటే తీశామా అని సరిచూస్తారు. ఆ రోజు ఛాతీకి, చంకలకు పౌడరు రాసుకోకండి. అది ఎక్స్‌రేలో సున్నపు రేణువుల్లా కనబడి తికమక పెడుతుంది.

ఆపరేషను గురించి చెప్పవలసినది తక్కువే. స్థానికంగా మొద్దుబార్చి గాని, పూర్తి మత్తు ఇచ్చి గాని చేస్తారు. సాధారణంగా గంటలోపు అయిపోతుంది. స్థానిక మత్తులో నొప్పి తెలియదు గాని లాగుతున్నట్లు ఉంటుంది, మాటలు వినిపిస్తాయి. వీలైనప్పుడు కోతను చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున పెడతారు, మచ్చ కలిసిపోతుందని. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు.

తీసిన గడ్డ ఎక్కడికి పోతుందో మాత్రం మీ వాళ్ళు గమనించాలి. చిన్న ఊళ్ళలో ఆ సీసాను రోగి బంధువు చేతికిచ్చి ఎదురు రోడ్డులోని ల్యాబుకు పంపడం ఇప్పటికీ ఉన్నది. సీసాలో ఉండవలసినది ఫార్మలిన్, ఉప్పునీరు కాదు. ఉప్పునీటిలో ముక్క కుళ్ళిపోతే ఎంతటి పెథాలజిస్టయినా ఏమీ చెప్పలేడు. సీసా మీద పేరు, వయసు, ఏ వైపు రొమ్ము అన్నది రాసి ఉండాలి. 'మామూలు కొవ్వు గడ్డే, పరీక్ష అక్కరలేదు' అని ఎవరైనా పారవేస్తే ఒప్పుకోవద్దు. కోసిందే పరీక్ష కోసం.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. చాలామందికి పారాసిటమాల్ చాలు. రొమ్ము వేలాడకుండా పట్టి ఉంచే లోదుస్తు రాత్రి కూడా వేసుకుంటే నొప్పి సగం తగ్గుతుంది. తెల్లగుడ్డలో చుట్టిన మంచు ముక్కను పది నిమిషాల పాటు పైన ఉంచవచ్చు. చర్మం నల్లగా, ఆకుపచ్చగా, పసుపుగా రంగులు మారి రెండు వారాలలో మామూలవుతుంది. స్నానం ఎప్పుడన్నది కట్టును బట్టి డాక్టరు చెబుతాడు, సాధారణంగా ఒకటి రెండు రోజుల తరువాత. కరిగిపోయే కుట్లు కాకపోతే వారం పది రోజులకు తీస్తారు. బిందెలు మొయ్యడం, గ్యాస్ బండ జరపడం, పిండి రుబ్బడం, చంటిపిల్లను ఆ వైపు ఎత్తుకోవడం వారం రోజులైనా ఆపాలి. మన ఆడవాళ్ళు మర్నాడే పొయ్యి దగ్గర నిలబడతారు. ఈ మాట వాళ్ళకంటె ఇంట్లోని మగవాళ్ళు చదవాలని నా కోరిక. చేతిని మాత్రం బిగబట్టి కూర్చోకుండా మెల్లగా కదిలిస్తూ ఉండాలి, లేకపోతే భుజం పట్టేస్తుంది.

పథ్యం గురించి తప్పక అడుగుతారు. పప్పు తింటే చీము పడుతుందనీ, వంకాయ, గోంగూర తగదనీ చెప్పి వట్టి చారన్నం పెడతారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనే ఉన్నాయి. గుడ్డు, పెరుగు, పప్పు హాయిగా తినండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కోత చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా, రొమ్ము కొద్ది గంటలలో బిగుసుకుని ఉబ్బినా, కట్టు రక్తంతో తడుస్తున్నా ఆ పూటే వెళ్ళండి. లోపల కొద్దిగా నీరు చేరడం, మచ్చ కింద గట్టిగా ఉండటం, చుట్టూ తిమ్మిరి అనిపించడం మామూలే. కొన్ని నెలల్లో తగ్గుతాయి. ఎక్కువ భాగం తీసినప్పుడు రొమ్ము ఆకారంలో కొంత తేడా ఉండవచ్చు.

ఫలితానికి సుమారు వారం పడుతుంది. ముక్కను మైనంలో అమర్చి, పలచని పొరలుగా కోసి, రంగులు వేసి చూడాలి. కాన్సరు ఉంటే హార్మోను గ్రాహకాలు, హెర్2 పరీక్షలకు ఇంకా రోజులు కావాలి. ఆలస్యమైతే చెడు వార్తే అనుకోకండి.

ఒక బడిపంతులమ్మ భర్త నన్ను వరండాలోకి పిలిచి, ఫలితం ఏమైనా ఆమెకు చెప్పవద్దని చేతులు పట్టుకుని అడిగాడు. నేను లోపలికి వెళ్ళి, ఫలితం వచ్చినప్పుడు మొదట ఎవరితో మాట్లాడమంటారని ఆమెనే అడిగాను. 'నాతోనే చెప్పండి. ఆయన గుండె జబ్బు మనిషి, ఆయనకు నేను చెప్పుకుంటాను' అన్నది ఆవిడ. ఆమెకు వచ్చినది కాన్సరే. ఆ వారంలో ఆమె సెలవు పెట్టింది, పిల్లల ఫీజులు కట్టింది, అప్పుడు ఆపరేషను తేదీ తానే చెప్పింది. పదకొండేళ్ళ తరువాత కూడా ఏడాదికొకసారి పరీక్షకు వచ్చేది, భర్తను వెంటబెట్టుకుని.

కాన్సరు లేదని తేలినా నివేదికను దాచుకోండి. తరువాత మామోగ్రామ్ తీయించుకునేటప్పుడు పాత కోత సంగతి చెప్పండి. లోపలి మచ్చ కొన్నిసార్లు కొత్త గడ్డలా కనబడుతుంది. అసహజ కణాలు ఉన్నాయని రాసి ఉంటే ఏటేటా పరీక్ష మానరాదు. రెండవ అభిప్రాయం కావాలంటే మైనపు దిమ్మలను, గాజు పలకలను ల్యాబు వారిని అడిగి తీసుకోవచ్చు. కాగితం ఒక్కటే తీసుకుని వెళ్తే రెండవ డాక్టరు చూడగలిగేది మొదటి డాక్టరు రాసినదే.