చేవను ముట్టని పురుగు

"పొద్దుగాల ఊడుస్తే పొద్దుమూకెటాళ్లకు మళ్ల పిండి రాలుతుంది బిడ్డా. చెదలు పట్టినట్టున్నయ్" అంటూ కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ కెమెరాను మంచం కిందికి తిప్పింది. ఈమధ్య చేయించిన టేకు మంచం. చెదల మందు కొట్టేవాళ్లు అప్పటికే వచ్చి చూసి, గోడల వెంబడి రంధ్రాలు వేసి మందు పోస్తామన్నారట. బ్రిస్బేన్‌లో ఉన్న నేను అడిగింది ఒక్కటే: "ఆ పొడిని వేళ్ల నడుమ నలిపి చూడమ్మా, ఎట్లుంది?"

"మెత్తగ, మొఖానికి పూసుకునే పౌడర్ లెక్క."

అయితే అది చెద కాదు. మన ఇళ్లకు సాధారణంగా పట్టే చెద నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. ఇలా పిండి రాల్చదు. ఎండు కట్టెలోనే బతికే చెదజాతి ఒకటుంది గానీ, అది రాల్చేవి గరుకు గింజలు. మెత్తని పిండి, ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు కనిపిస్తే అది పుచ్చు పురుగు. శాస్త్రజ్ఞులు లిక్టస్ అంటారు.

ఆ రంధ్రం పురుగు లోపలికి పోయిన దారి కాదు, బయటికి వచ్చిన దారి. తల్లి పురుగు కట్టెలోని సన్నని నాళాల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోపలే తిని, ఎర్రమట్టి రంగు పెంకు పురుగై తొలుచుకుని వస్తుంది. దానికి కావలసింది కట్టెలోని పిండిపదార్థం. అది ఉండేది బెరడును ఆనుకున్న తెల్ల కట్టెలో. నడిమి చేవ జోలికి పోదు. అమ్మ చూపించిన మంచంలో రంధ్రాలన్నీ అడుగు పట్టీల తెల్ల అంచునే ఉన్నాయి. వేలెడు దూరంలోని చేవ మీద ఒక్కటీ లేదు.

పాత వడ్లాయనలకు ఇది తెలిసిన సంగతే. దర్వాజకు టేకు కోసేటప్పుడు తెల్లను చెక్కి పారేసేవాళ్లు. వెదురును నీళ్లలో నానబెట్టడంలోనూ అదే తెలివి ఉంది: లోపలి తీపి, పిండి తగ్గితే పురుగుకు తిండి దొరకదు. ఇప్పుడు లేత వయసులో నరికిన తోట టేకులో చేవ తక్కువ, తెల్ల ఎక్కువ. రంగు పాలిష్ కొడితే రెండూ ఒక్కతీరే కనిపిస్తాయి. నాకు కోపం తెప్పించేది అదే. నేనుండే క్వీన్స్‌లాండ్‌లో ఈ పురుగు పట్టే కట్టె అమ్మకాన్ని కట్టడి చేస్తూ 1987లోనే చట్టం చేశారు. ఆదిలాబాద్ టేకుకు అంత పేరున్న మన దగ్గర కొనేవాళ్లు తమ కళ్లనే నమ్ముకోవాలి.

మందుకు ముందు పురుగు ఇంకా ఉందో లేదో తేల్చుకోవాలి. మంచం కుదిపితే పాత పిండి కూడా రాలుతుంది. రంధ్రాలను మైనంతో మూసి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడాలి. కొత్త రంధ్రం పడితే ఉన్నట్టే. కిరోసిన్ పూస్తే లోతున ఉన్న పిల్ల పురుగు చావదు. పాలిష్ గీకేసి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పట్టిస్తే కట్టెలోకి కొంత ఇంకుతుంది. అన్నిటికంటే మేలు, పుచ్చిన పట్టీ తీసేసి చేవ పట్టీ వేయించడం. అమ్మ అదే చేయించింది. గోడలకు రంధ్రాలు పడలేదు. చాట, బుట్ట లాంటి చిన్న వెదురు సామాను అయితే పాలిథిన్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే చాలు.

ఆస్ట్రేలియాకు పీటలు, నిర్మల్ బొమ్మలు తెచ్చుకునేవాళ్లు విమానాశ్రయంలో దాచకుండా చెప్పండి. కట్టెతోపాటు ఖండాలు దాటిన మరో పురుగు, యూరప్ ఇళ్ల పైకప్పులను తినేది, 2004లో పెర్త్‌లో బయటపడింది. దాన్ని అరికట్టడానికి అక్కడ పైన్ కట్టెను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం మీదే ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

అమ్మానాన్నలకు మంచమో బీరువానో చేయించమని ఇక్కడి నుంచి డబ్బు పంపేవాళ్లు ఒక్క మాట కూడా పంపండి. పాలిష్ పట్టకముందే వడ్లాయన దగ్గరికి పోయి అడుగు పట్టీలు, సొరుగుల వెనక పలకలు తిప్పి చూడమనండి. తెల్ల కనిపిస్తే అక్కడే మార్పించమనండి.