ఖాలా మల్గీ, మెట్రో పిల్లర్

బక్రీద్‌కి షాలిబండ నుంచి ఖాలా దుమ్ముగూడెం వచ్చింది. చాయ్ తాగుతూ అసలు మాట తీసింది.

"బేటా, నువ్వు అఖ్బార్‌లో రాస్తావు కదా. మెట్రో పైనుంచి పోవాలా, జమీన్ కింద నుంచా? నీ ఫైసలా చెప్పు."

ఖాలూ ఇంతెఖాల్ అయ్యాక ఇంటి ముందరి మల్గీ కిరాయి మీదే ఆమె గుజారా. రోడ్డు వెడల్పయితే ముందు పోయేది ఆ మల్గీయే. కానీ ఖాలా మనవరాలు రోజూ రెండు బస్సులు మారి అమీర్‌పేట కోచింగ్‌కి పోతుంది. మెట్రో వస్తే ఆ పిల్లకి రోజుకి గంటన్నర మిగులుతుంది. ఒకే ఇంట్లో నష్టమూ ఉంది, నఫా కూడా ఉంది.

హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ ఒడ్డున ఆగిపోయింది. ఫలక్‌నుమా వరకు పోవాల్సిన అయిదున్నర కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర మళ్లీ పునాదిరాయి పడింది. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, అంతా పిల్లర్ల మీదే. దారుల్‌షిఫా, షాలిబండ మధ్య 50, 60 అడుగులున్న సడక్‌ని 100 అడుగులు చెయ్యాలి. దారిలో మసీదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, గుళ్లు ఉన్నాయి. వాటిని తప్పించేలా పిల్లర్ల జాగా అటూ ఇటూ జరుపుతామన్నారు. ఇళ్లనీ దుకాణాలనీ మాత్రం జరపలేరు.

"మరి కింద నుంచి తవ్వొచ్చుగా?" అంది ఖాలా.

ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. ఢిల్లీలో చావ్డీ బజార్ స్టేషన్‌లో దిగినప్పుడు హైరత్ అయిపోయాను. పైన రిక్షాలు, గల్లీలు ఎప్పటిలాగే ఉన్నాయి, రైలేమో అడుగున పోతోంది. జామా మసీద్ దగ్గరకీ 2017లో కింద నుంచే తెచ్చారు. మన పాత షహర్ ఏం గునా చేసింది?

తర్వాత ఇంజినీర్లని అడుగుతూ పోతే నా జవాబు అంత ఆసాన్‌గా నిలబడలేదు. సొరంగానికి ఖర్చు పిల్లర్లకయ్యేదానికి రెండు మూడు రెట్లు. మన అడుగున గ్రానైట్ రాయి. సొరంగాన్ని మిషన్ తొలిచినా, స్టేషన్‌కి చాలాచోట్ల పైనుంచే పెద్ద గుంత తవ్వాలి, అంటే అక్కడా ఇళ్లు పోతాయి. ఎంజీబీఎస్‌లో పైనున్న పట్టాలు కిందికి దిగడానికి ఒక ఏటవాలు కావాలి, అదీ సడక్ మధ్యలో జాగా తింటుంది. 2019లో కోల్‌కతా బౌబజార్‌లో సొరంగంలోకి నీళ్లు పొంగి, పైన పాత ఇళ్లు కూలాయి. సున్నపు గోడల షాలిబండని తల్చుకుంటే భయమేసింది.

ఇదంతా చెప్తుంటే ఖాలా గోదావరి వైపు చూసింది. మా ఊరి ఆనకట్ట, పడవల కోసం కట్టిన లాకులు అటే ఉన్నాయి. రైలు కంటే నీటి దారి చవక అని కాటన్ దొర వాదన. ఆ దారి కోసం గోదావరి మీద కట్టడం మొదలుపెట్టి, 1871లో పని ఆపేశారు. పడవలూ పోయాయి, రైలూ రాలేదు. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ కూడా భద్రాచలానికి 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. సగంలో ఆపిన కామ్ ఎట్లుంటుందో మాకు తెలుసు.

అందుకే ఖాలాకి దిల్ గట్టి చేసుకుని చెప్పాను, "పైనుంచే రానీ ఖాలా. కింద నుంచే కావాలని పట్టుబడితే ఇంకో ఇరవై ఏళ్లు ఎదురు చూడాలేమో. కానీ మల్గీకి పైసలే కాదు, అదే బస్తీలో ఇంకో మల్గీ అడగాలి. పిల్లర్ లేచాక కాదు, లేవకముందే."

ఖాలా కాసేపు చుప్‌గా ఉంది. "స్టేషన్‌కి లిఫ్ట్ ఉంటదా? నా మోకాళ్లు మెట్లు ఎక్కవు."

"ఉంటది."

"అయితే ఈసారి నీ అఖ్బార్‌లో నా మల్గీ మాట కూడా రాయి," అంది. నా అఖ్బార్‌లో ఆ వార్తకి జాగా దొరకలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.