సరుకు కనిపించని అంగడి

మీరు ఎన్నో అంగళ్ళు చూసి వుంటారు. కూరగాయల అంగడిలో వంకాయలు కుప్పలు పోసి వుంటాయి. పశువుల సంతలో ఎడ్లు బారులు తీరి వుంటాయి. కాని సరుకన్నది ఒక్కటీ కంటికి కనిపించకుండానే, రోజూ వేలకోట్ల రూపాయల బేరాలు జరిగే అంగడి ఒకటి వున్నది. అది ముంబయి నగరంలో దలాల్ స్ట్రీట్ అనే వీధిలో వుంది. రండి, అక్కడికి పోయి వద్దాం.

ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో రైలు దిగి దక్షిణంగా నడిస్తే హార్నిమన్ సర్కిల్ వస్తుంది. మధ్య గుండ్రని తోట, చుట్టూ రాతి మేడలు, ఒక పక్క తెల్లని స్తంభాలతో పాత టౌన్ హాలు. ఇక్కడ కాసేపు ఆగండి. మన అంగడి పుట్టింది ఈ టౌన్ హాలు ముందరి మర్రిచెట్ల కిందనే!

1850 ప్రాంతాల కొద్దిమంది దలాలీలు రోజూ ఆ చెట్ల నీడన చేరేవారు. వారికి కొట్టు లేదు, తక్కెడ లేదు. వారు అమ్మేది వాటాలు. వాటా అంటే ఏమిటో చెబుతాను, వినండి.

ఒక బట్టల మిల్లు కట్టడానికి 10 లక్షల రూపాయలు కావాలనుకోండి. అంత సొమ్ము ఒక్కరి దగ్గర వుండదు. అందుచేత దాన్ని 10 వేల వాటాలు చేసి, ఒక్కొక్కటి 100 రూపాయలకు అమ్ముతారు. ఎవరికి ఎన్ని వాటాలుంటే లాభంలో వారికి అంత భాగం. వాటినే షేర్లు అంటారు. బాగానే వుంది. కాని ఒక వాటాదారుకు పిల్లవాడి చదువుకోసం డబ్బు అవసరమైంది. మిల్లుకు పోయి, "నా భాగం ఇటుకలు ఇచ్చెయ్యండి" అంటే ఇస్తారా? ఇవ్వరు. అతను తన వాటాను మరొకరికి అమ్ముకోవాలి. కొనేవాణ్ణి వెతికి తెచ్చి బేరం కుదిర్చేవాడే దలాలీ. అందుకు అతనికి కొంత రుసుము ముడుతుంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కణ్ణుంచి ఇంగ్లండు మిల్లులకు పత్తి రావడం ఆగిపోయింది. దాంతో మన దేశపు పత్తికి గిరాకీ పెరిగి, బొంబాయిలో బంగారం కురిసింది. ఆ డబ్బుతో జనం షేర్ల మీద పడ్డారు. కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. అవి ఏం చేస్తాయో తెలియకుండానే, రేపు ధర పెరుగుతుందన్న ఒక్క ఆశతో, అప్పు చేసి మరీ కొన్నవారు ఎందరో! ఆనాటి వర్తకులలో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పేరు మారుమోగిపోయింది.

1865లో యుద్ధం ఆగింది. పత్తి ధర పడింది. దాని వెంట షేర్ల ధరలూ కూలాయి. ఒకప్పుడు 2,850 రూపాయలు పలికిన బాంక్ ఆఫ్ బాంబే షేరును చివరకు 87 రూపాయలకు అమ్ముకోవలసి వచ్చింది. ఎన్నో కుటుంబాలు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నాయి. ప్రేమ్‌చంద్ కూడా దెబ్బతిని, తిరిగి మెల్లగా నిలదొక్కుకున్నాడు. హార్నిమన్ సర్కిల్‌కు కొంత దూరంలో, యూనివర్సిటీ ఆవరణలో వున్న ఎత్తయిన గడియార స్తంభం ఆయన విరాళంతో కట్టిందే. దానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టించాడు. 1878లో అది పూర్తయింది.

దెబ్బ తిన్న దలాలీలకు ఒకటి తెలిసివచ్చింది: కట్టుబాట్లు లేని అంగడి నిలవదు. 1875లో వారంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఏడాది ముందే వారికి ఒక వీధిలో చోటు దొరికింది. ఆ వీధే దలాల్ స్ట్రీట్. ఆ సంఘమే నేటి బాంబే స్టాక్ ఎక్స్ఛేంజి.

ఇక అక్కడికి నడుద్దాం. సన్నని వీధి. తల పైకెత్తితే 29 అంతస్తుల మేడ. గుమ్మం దగ్గర కొమ్ములు విసురుతున్న కంచు ఎద్దు. ధర పెరుగుతుందని నమ్మేవాణ్ణి ఇక్కడ తేజీవాలా అంటారు. ఎద్దు అతనికి గుర్తు. తగ్గుతుందని నమ్మేవాడు మందీవాలా; అతనికి గుర్తు ఎలుగుబంటి.

1995కు ముందు వచ్చి వుంటే మీరు చెవులు మూసుకునేవారు! "రింగు" అనే పెద్ద హాలులో వందలమంది వర్తకులు ఒకేసారి కేకలు పెడుతూ, చేతులతో సైగలు చేస్తూ బేరాలాడేవారు. అందులో తరావనీవాలా అనే వర్తకుడు ఒకడుండేవాడు. అతను ఒకే షేరుకు రెండు ధరలు చెప్పేవాడు: "100కు కొంటాను, 101కి అమ్ముతాను." అమ్మేవాడు వస్తే కొనేవాడు, కొనేవాడు వస్తే అమ్మేవాడు. ఆ ఒక్క రూపాయి తేడాయే అతని జీవనం. కాని 100కు కొన్న షేరు ఎవరూ అడక్కముందే 95కు పడిపోతే, ఆ 5 రూపాయల నష్టమూ అతనిదే.

1995లో కంప్యూటర్లు వచ్చాయి. కేకలు ఆగిపోయాయి. ఇప్పుడు వర్తకుడు ఏ వూళ్ళో వున్నా సరే, ఉదయం 9 గంటల 15 నిమిషాలు మొదలు మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాల దాకా తెరముందు కూర్చుంటాడు. కొనేవారి ధరలు ఒక వరసలో, అమ్మేవారి ధరలు ఒక వరసలో కదులుతూ వుంటాయి. రెండూ కలిసిన చోట బేరం కుదురుతుంది. మంచి వర్తకుడు ధర పెరుగుతుందా అని మాత్రమే ఆలోచించడు. "నా ఊహ తప్పయితే ఎంత నష్టం దగ్గర తప్పుకోవాలి?" అన్నది కొనక ముందే నిశ్చయించుకుంటాడు.

మీలో ఎవరైనా అడగవచ్చు: "రైతు ధాన్యం పండిస్తాడు, సాలెవాడు బట్ట నేస్తాడు. వర్తకుడు చేసేదేమిటి?" మంచి ప్రశ్నే. పిల్లవాడి చదువుకోసం వాటా అమ్మదలచినవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. అతను ఏ రోజు వచ్చినా కొనేవాడు సిద్ధంగా వుండడం వర్తకుల చలవే. అమ్ముకోవడం కష్టమని తెలిస్తే మొదట మిల్లుకు డబ్బిచ్చేవారే తగ్గిపోతారు.

అయితే ఈ వీధికి మరో ముఖం కూడా వున్నది. రాబోయే రోజుల ధరల మీద ముందుగానే వేసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే బేరాలున్నాయి. ధరల మార్పు వల్ల కలిగే నష్టాన్ని కాచుకోవడానికి ఏర్పడినవి అవి. కాని చాలామంది వాటిని తొందరగా ధనవంతులు కావడానికి దారి అనుకుంటున్నారు. ఈ అంగళ్ళపై కాపలా వుండే సెబీ సంస్థ 2024లో ఒక లెక్క ప్రకటించింది. అంతకు ముందు మూడేళ్ళలో ఆ బేరాలు చేసిన కోటిమందికి పైగా వ్యక్తులలో, నూటికి 93 మంది నష్టపోయారట! ఇవాళ ఆ బేరాలు చేతిలోని ఫోనులోనే చేయవచ్చు. 1865లో అప్పుచేసి షేర్లు కొన్నవారికి కలిగిన ఆశే ఇప్పటికీ మనుషులకు కలుగుతున్నది. మారింది మర్రిచెట్టు మాత్రమే.

సాయంత్రమైంది. ఇక పోదాం. తిరిగి వెళ్ళేటప్పుడు రాజాబాయి గడియారాన్ని ఒకసారి చూడండి. ఒక్కరోజులో గడించిన సొమ్ము ఒక్కరోజులో పోవడం ప్రేమ్‌చంద్ కళ్ళారా చూశాడు. ఆయన ఇచ్చివేసిన సొమ్ము మాత్రం ఈనాటికీ దారిన పోయేవారికి వేళ చెబుతూనే వుంది.