లేచి నిలబడే కారు

పిల్లలూ, ఒంటె లేవడం ఎప్పుడైనా చూశారా? ముందు వెనకకాళ్లు లేపుతుంది, ఆ తరువాత ముందుకాళ్లు. అచ్చం అలాగే లేచే కారును నేను ఫ్రాన్సు దేశంలో చూచాను.

పారిస్‌ నగరంలో సీన్‌ నది ఒడ్డున జావెల్‌ అనే పేట ఉన్నది. బట్టలు తెల్లగా చేసే క్లోరిన్‌ నీళ్లను ఫ్రెంచివాళ్లు ఈనాటికీ "జావెల్‌ నీళ్లు" అంటారు. ఆ నీళ్లు మొదట తయారైనది ఇక్కడే. ఈ పేటలోనే ఆంద్రె సిట్రోయెన్‌ అనే ఆయన 1915లో యుద్ధానికి ఫిరంగి గుండ్లు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. యుద్ధం అయిపోగానే, 1919లో, అందులో కార్లు చేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ లేదు. 1992లో తెరిచిన పెద్ద పార్కు ఉన్నది. పచ్చికమీద పిల్లలు దొర్లుతూ ఉంటారు.

నేను చెప్పే కారు పేరు సిట్రోయెన్‌ డి.ఎస్‌. ఫ్రెంచి భాషలో ఆ రెండక్షరాలను "దెయెస్‌" అని పలుకుతారు. ఆ మాటకు "దేవత" అనే అర్థం కూడా వస్తుంది. 1955 అక్టోబరు 5న పారిస్‌ ప్రదర్శనలో దానిని చూపగానే ఆ ఒక్కరోజే సుమారు 12,000 మంది మాకు కావాలంటే మాకు కావాలన్నారట! 1975 వరకూ అవి తయారైనాయి.

ఆ కారుకు ఇనుప స్ప్రింగులు లేవు. మరి గతుకుల్లో ఎలా పోతుంది? మీ ఇంట్లో హోలీ పిచికారీ ఉంటే తీయండి. మూతి వేలితో గట్టిగా మూసి, ఖాళీ పిచికారీ కాడను నొక్కండి. లోపలికి పోతుంది, వదిలితే వెనక్కు తంతుంది. ఇప్పుడు నీళ్లు నింపి నొక్కండి. కదలదు! గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పాల్‌ మజెస్‌ అనే ఆయన ఈ రెంటినీ కలిపాడు. ఒక్కొక్క చక్రం దగ్గర కొబ్బరికాయంత ఇనుప గోళం పెట్టాడు. గోళం మధ్య ఒక రబ్బరు పొర. పొరకు ఒకవైపు నత్రజని వాయువు, రెండోవైపు నూనెలాంటి ద్రవం. చక్రం ఎగిరితే ద్రవం పొరను తోస్తుంది, నత్రజని నలిగి మళ్లీ తంతుంది. వెనకసీట్లో ముగ్గురు కూర్చుని కారు కుంగిందనుకోండి, ఒక చిన్న కవాటం తెరుచుకుని మరింత ద్రవం పోస్తుంది. కారు తిరిగి సమంగా నిలుస్తుంది. బ్రేకులు పనిచేసేదీ ఈ ద్రవంతోనే. ఈ సంగతి మరిచిపోవద్దు.

మా అబ్బాయి నన్నొక పాత మరమ్మతు షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడి ముసలి మేస్త్రి ఒక డి.ఎస్‌. మూల మీద చెయ్యి వేసి నొక్కాడు. చలించలేదు. "గోళంలో వాయువు కారిపోయింది" అన్నాడు. తరువాత ఇంజను నడిపి చెవి ఒగ్గాడు. లోపల "టిక్‌" మనే చప్పుడు నిమిషానికి ఒకటి రెండుసార్లు వస్తే ఫరవాలేదు. కాని అది క్షణక్షణమూ వస్తున్నది. ఒత్తిడిని నిలువచేసే గోళం కూడా పోయిందన్నమాట. ఆయన కారు కింద ఇనుప స్టాండ్లు పెట్టిన తరువాతనే మర విప్పి ఒత్తిడి వదిలాడు. స్టాండ్లు లేకుండా ఆ కారు కింద దూరితే, ఒత్తిడి పోగానే అది మనిషిమీదనే కూర్చుంటుంది!

అసలు చిక్కు తరువాత బయటపడింది. మొదటి డి.ఎస్‌.లకు ఎర్రద్రవం వాడేవారు. అది గాలిలోని తేమను పీల్చి లోపల తుప్పు పట్టించేది. అందుకని 1966 చివరి నుంచి పచ్చద్రవం పెట్టారు. పచ్చ కార్ల రబ్బరు వేరు, ఎర్ర కార్ల రబ్బరు వేరు. ఇది పచ్చది. మేస్త్రి డబ్బా మూత తీసి వాసన చూచి, కారు యజమాని అయిన కుర్రవాడిని పిలిచాడు.

"ఇందులో ఏం పోశావు?"

"దారిలో ద్రవం తగ్గింది. కొట్లో దొరికిన మామూలు బ్రేకు నూనె పోశాను" అన్నాడు కుర్రవాడు.

మేస్త్రి ఒక గొట్టం విప్పి రబ్బరు ఉంగరాన్ని అరచేతిలో వేసుకున్నాడు. అది ఉబ్బి, నానిన శనగబద్దలా మెత్తబడింది.

"శనివారం మా చెల్లెలి పెళ్లి. ఇది మా నాన్న కారు. పెళ్లికూతురు ఇందులోనే పోవాలి. గోళాలు మాత్రం మార్చి ఇవ్వండి, చాలు" అని బతిమాలాడు కుర్రవాడు.

"ఇదే రబ్బరు బ్రేకుల్లోనూ ఉన్నది, అబ్బాయ్‌. నీ చెల్లెలిని ఎక్కిస్తావా?"

కుర్రవాడు మాట్లాడలేదు. మేస్త్రి తాళంచెవి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు మొదట ఇది కొంచెం దౌర్జన్యం అనిపించింది సుమా! నేనూ నా బడిలో గాలిపటాలూ గోలీలూ లాక్కున్నవాణ్ణే గనుక ఊరుకున్నాను.

పెళ్లి అద్దెకారులో జరిగింది. మేస్త్రి డబ్బా, గొట్టాలు అన్నీ కడిగి, ఉన్న రబ్బరంతా మార్చాడు. పాతరకం గోళాలు రెండు చిప్పలుగా విడిపోతాయి. లోపలి పొర ఒక్కటే మార్చవచ్చు. కొత్తరకం అతుకువేసినవి, మొత్తం మార్చవలసిందే.

మూడు వారాల తరువాత నేను మళ్లీ పోయాను. కారు నేలకు పొట్ట ఆనించినట్లు పడుకుని ఉన్నది. మేస్త్రి ఇంజను నడిపాడు. ముందు వెనకవైపు లేచింది, తరువాత ముందువైపు. కుర్రవాడు వీధిచివరివరకూ మెల్లగా పోయి బ్రేకు వేసి చూచాడు, ఒకసారి కాదు, అయిదారుసార్లు. తిరిగివచ్చి దిగేటప్పుడు పక్కసీటులో వాళ్ల చెల్లెలు కూర్చుని ఉన్నది.