కుండని కొట్టి చూసినట్టు

ఇనుముతో పనిచేసేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఇనుము వాళ్ల దగ్గరికి వచ్చేసరికే ఇనుము. దాన్ని గట్టిగా చేసే పని ఎక్కడో, ఎవరో చేసేసి పంపిస్తారు. మనం కోస్తాం, వంచుతాం, వెల్డింగ్ పెడతాం. చెక్కా అంతే, దాని గట్టిదనం చెట్టు చూసుకుంది. ఫైబర్‌గ్లాస్ అలా కాదు. దుకాణంలో మనకి దొరికేవి ఒక చుట్ట గాజుపీచు మ్యాట్, ఒక డబ్బా రెజిన్, ఒక చిన్న సీసా హార్డనర్. మ్యాట్‌ని వేళ్లతో లాగితే పోగులుగా ఊడొస్తుంది. రెజిన్ తేనెలా కారుతుంది. ఈ రెండూ కలిసి గట్టి వస్తువుగా మారడం మన చేతుల కిందే, మనం పనిచేస్తున్న ఆ అరగంట, గంటలోనే జరుగుతుంది. అంటే ఆకారానికే కాదు, పదార్థానికి కూడా మనదే పూచీ. మూడేళ్లుగా మోటార్‌సైకిల్ భాగాలు ఇంట్లో చేసుకుంటున్న నాకు ఈ పనిలో ఉన్న రుచీ, భయమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

కాంపోజిట్ అనగానే ఏదో విమానాల వ్యవహారం అనిపిస్తుంది గానీ, మన ఊళ్లలో మట్టిగోడకి గడ్డి కలిపి తొక్కడం కూడా అదే. మట్టి బీటలు వారకుండా గడ్డి పట్టి ఉంచుతుంది, గడ్డి విడిపోకుండా మట్టి పట్టి ఉంచుతుంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువులో ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు.

ఇందులోకి దిగడానికి కారణం నాన్న బండి. 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100. ఆ మోడల్ మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఇంజను సామాన్లు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. సైడు ప్యానెల్ దగ్గరే చిక్కు. దాని వెనక కొమ్ముల్లాంటివి ఉంటాయి, అవి బండికున్న రబ్బరు బుష్‌లలోకి దిగుతాయి. ఊడదీసినప్పుడల్లా అవే విరుగుతాయి. నాన్న కొన్నాళ్లు తీగతో కట్టి నడిపాడు. తర్వాత ప్యానెల్ కూడా రెండుగా చీలింది. సరే, మనమే చేద్దాం అనుకున్నాను.

ముందు పాత ప్యానెల్ అతికించి, పుట్టీ పెట్టి, నీటి కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. దాని మీద ఐదారు పూతలు మైనం. దాని మీదే ఫైబర్‌గ్లాస్‌తో అచ్చు తీయాలి. ఆ అచ్చులోంచి కొత్త ప్యానెల్ తీయాలి. ఇక్కడ ఇంజనీరింగ్ కన్నా వంటిల్లు ఎక్కువ పనికొస్తుంది. ఇడ్లీ రేకు చూడండి. గుంట అడుగున ఇరుకు, పైన వెడల్పు. అందుకే ఇడ్లీ విరక్కుండా లేస్తుంది. గుంట లోపలికి వంపు తిరిగి ఉంటే ఎంత నూనె రాసినా రాదు. అచ్చుదీ అదే న్యాయం. మైనం పూత అంటే ఇడ్లీ కింద వేసే తడిగుడ్డ అన్నమాట.

పని అంతా తిరగేసి నడుస్తుంది. లోకానికి కనపడే ముఖాన్ని అన్నిటికన్నా ముందు వేస్తాం. అర మిల్లీమీటరు మందాన జెల్‌కోట్. అది వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, దాని వెనక మ్యాట్ పొరలు ఒక్కొక్కటీ రెజిన్‌తో తడిపి, రోలర్‌తో గాలిబుడగలు బయటికి తోలాలి. బలమంతా ఆ వెనక పొరల్లో ఉంటుంది, అవి ఎవరికీ కనపడవు.

కొలతల్లో ఉజ్జాయింపు పనికిరాదు. 100 గ్రాముల రెజిన్‌కి హార్డనర్ 1 నుంచి 2 గ్రాములు. తక్కువైతే సరిగ్గా గట్టిపడదు. ఎక్కువైతే తన వేడికి తానే పొగలు కక్కుతుంది. మే నెలలో హైదరాబాద్ డాబా మీద మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే, మొదటి పొర పూర్తయ్యేలోపు కప్పులో మిగిలింది రాయవుతుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి మొదలెడతాను. ఆవిరి పీల్చకుండా కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. దాన్ని కోబాల్ట్‌తో నేరుగా కలిపితే పేలవచ్చు. నేను కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ కొంటాను. లేత గులాబీ రంగులో ఉంటుంది. గాజు ధూళి ఒంటికి అంటితే చన్నీళ్లతోనే కడుక్కోవాలి.

ప్యానెల్ బాగా వచ్చింది. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో నాలుగు చోట్ల కొట్టి, "మోగుతోందిరా" అన్నాడు. ఆయన కుండలు కొన్న తరం మనిషి. నిజానికి ఈ పనిలో తనిఖీ కూడా అదే. పొరల మధ్య గాలి ఉండిపోతే, పొర పొరకి అంటకపోతే, నాణెంతో కొట్టినప్పుడు ఆ చోట బొద్దుగా పలుకుతుంది. విమానాల రెక్కల్ని కూడా ఇలా కొట్టి వినే పద్ధతి ఉంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. జెల్‌కోట్ రెండు చోట్లా ఒకేలా మెరుస్తుంది.

బావ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది దీని తర్వాతే. అక్క కొడుక్కి మూడేళ్లు. బండి ముందు వాడు కూర్చోడానికి చిన్న సీటు, దానికి ఆధారంగా ఒక బ్రాకెట్ కావాలి. "ఏమోయ్, ప్యానెల్ చేసినవాడివి, ఇదెంత నీకు?" అన్నాడు.

చేయనన్నాను.

"మరి ఆ న్యూజీలాండ్ ఆయన గురించి నాకు గంటసేపు చెప్పావు కదా?"

చెప్పిన మాట నిజమే. జాన్ బ్రిటన్ క్రైస్ట్‌చర్చ్‌లో పెద్ద కంపెనీ ఏదీ వెనక లేకుండా, కొద్దిమంది తోడుతో బ్రిటన్ వి1000 అనే రేసు బండి కట్టాడు. చక్రాలూ ముందు ఫోర్కూ కూడా కార్బన్ కాంపోజిట్‌తోనే. 1995లో నలభై ఐదేళ్లకే పోయాడు. ఆ బండ్లు మొత్తం పదే ఉన్నాయి. ఇంట్లో కాంపోజిట్ పని చేసే ప్రతివాడికీ ఆయన ఒక రకంగా ఇలవేల్పు.

బావ అక్కడితో ఆగలేదు. "కలాంగారు పిల్లల కాళ్లకి దీంతోనే కదా చేయించారు?" అన్నాడు. అదీ నిజమే. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి కాంపోజిట్‌తో, మన నిమ్స్‌లో చూసిన పిల్లల కోసం, 3 కిలోలు దాటే లోహపు కాలిపర్ల బదులు 300 గ్రాములవి చేయించానని కలాం చెప్పేవారు.

కానీ ఈ రెండు ఉదాహరణలూ నా వైపే మాట్లాడుతున్నాయి. కలాం వెనక పదార్థాన్ని పరీక్షించే ప్రయోగశాల ఉంది. బ్రిటన్ బండి ఎక్కినవాడు తెలిసి ఎక్కిన రేసరు. నా దగ్గర ఉన్నది ఒక డాబా, ఒక రోలరు, ఒక రూపాయి నాణెం. ఇనపపట్టీ బరువు ఎక్కువైతే సాధారణంగా ముందు వంగుతుంది, వంగడం కంటికి కనపడుతుంది, బండి ఆపేస్తాం. గాజుపీచు వంగి చెప్పదు. లోపల పొరలు నెమ్మదిగా విడిపోతాయి, పైన మెరుపు అలాగే ఉంటుంది, ఒకరోజు ఏ గుంతలోనో టప్పున తెగుతుంది. ప్యానెల్ తెగితే రోడ్డు మీద ప్యానెల్ పడుతుంది. బ్రాకెట్ తెగితే పడేది పిల్లాడు.

"నీ పని మీద నీకే నమ్మకం లేదంటావు" అన్నాడు బావ, కొంచెం నొచ్చుకుని. నాకైతే అది నమ్మకానికి సంబంధించిన ప్రశ్నలా అనిపించలేదు. నా పొరల్లో ఏముందో నాకు ఎంతవరకు తెలుసో, అంతవరకే ఇంకొకరి బరువు దాని మీద పెట్టగలను. ఔత్సాహికుడికి హద్దులు తక్కువ ఉంటాయని అందరూ అంటారు. ఎవరూ గీయరు కాబట్టి వాటిని తనే గీసుకోవాలని మాత్రం అనరు.

పుస్తకాల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను కాబట్టి ఇంకో మాట. అచ్చు అనే మాట మనకి మూసకీ, ముద్రణకీ ఒకటే. అచ్చులోంచి వచ్చిన ప్రతిదానికీ పైన జెల్‌కోట్ ఉంటుంది. వాక్యం మెరుస్తుంది. సమీక్షకుడు చేయగలిగిందల్లా గోటితో కొట్టి ఎక్కడ మోగుతోందో, ఎక్కడ బొద్దుగా పలుకుతోందో చెప్పడమే. నా సమీక్షల్ని కూడా ఎవరైనా అలాగే కొట్టి చూడాలనే కోరుకుంటాను.

బ్రాకెట్ చివరికి వెల్డింగ్ షాపులో చేయించాం. మందపాటి ఇనపపట్టీ, ఆరు బోల్టులు. బరువుగా ఉంది, అందంగా లేదు. దాని మీద నేను రెండు చేతులూ వేసి నా బరువంతా మోపి చూశాను, తర్వాత బావ చూశాడు. దాని పైన కప్పే చిన్న మూత మాత్రం ఫైబర్‌గ్లాస్‌తో నేనే చేసిచ్చాను, ఎర్రరంగు వేసి. మావాడికి బ్రాకెట్ సంగతి తెలియదు. ఎవరొచ్చినా ఆ ఎర్రమూతనే చూపిస్తాడు.