రోహిణి కార్తెలో వానపాములు

నడి ఎండాకాలంలో వానపాములు ఎక్కడ దొరుకుతాయో మీలో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసనే అనుకున్నాను. మొన్న మే నెలాఖరులో పుట్టింటికి వెళ్ళినప్పుడు గానీ తెలీదని తెలిసిరాలేదు.

మేముండేది తాడేపల్లిగూడెంలో. పుట్టిల్లు ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, కొల్లేరుకి దగ్గర్లో ఒక పల్లెటూరు. ఒకప్పుడు రెండూ పశ్చిమ గోదావరి జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయ్యాక అత్తిల్లు ఒక జిల్లా, పుట్టిల్లు ఒక జిల్లా అయిపోయాయి. దూరం ఏమీ పెరగలేదు లెండి, వెళ్ళడమే తగ్గింది. అమ్మ పోయాక మరీ తగ్గింది.

అమ్మ సంవత్సరీకం ఏప్రిల్‌లో అయిపోయింది. ఆ ఏడాదంతా నాన్న నీచు ముట్టలేదు. అది ఉండేదే. కానీ సంవత్సరీకం అయ్యాక కూడా ముట్టలేదు. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుంటారు, మధ్యాహ్నం వంటావిడ పెట్టింది తింటారు, మళ్ళీ అరుగు మీదికే. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మాయ్" అంటారు. అంతే. పెట్టేస్తారు.

హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య ఒక ఆలోచన చెప్పాడు. "పెరడంతా సిమెంటు చేయించేద్దామే. వానాకాలం బురదలో నాన్న జారిపడితే ఎవరు చూస్తారు? పురుగూ పుట్రా కూడా రావు" అన్నాడు. సబబుగానే అనిపించింది. సరేనన్నాను. మేస్త్రి సోమవారం వస్తానన్నాడు. దగ్గరుండి ఆ పని చూసుకోవడానికే శుక్రవారం మా చిన్నాణ్ణి తీసుకుని బయల్దేరాను.

వాడిది ఏడో తరగతి. ఆ ఇంట్లో వాడికి ఒక పూటలోనే విసుగొచ్చింది. అటక ఎక్కి వెతికితే గాలం కర్ర కనబడింది. వెదురు కర్ర, తీగ, జీలుగు బెండు, తుప్పు పట్టిన గాలం ముల్లు, అన్నీ అలాగే ఉన్నాయి. దాన్ని పట్టుకుని అరుగు మీదికి పరిగెత్తి, "తాతయ్యా, చేపలకి వెళ్దామా?" అన్నాడు.

నేను లోపల కూర తరుగుతూ చెవి అటు పడేశాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోహిణి కార్తెలో ఎర్రలెక్కడ దొరుకుతాయిరా?" అన్నారు.

వద్దనలేదు! ఏడాది తర్వాత వద్దనని మాట అదొక్కటే. అందుకే కత్తిపీట పక్కన పెట్టి లేచాను.

మా వైపు వానపాముల్ని ఎర్రలంటాం. గాలానికి గోధుమపిండి ముద్ద కూడా పెట్టొచ్చు. మా వాడు అదే అడిగాడు. "పిండికి పరిగెలొస్తాయిరా. జెల్లకీ, మట్టగిడసకీ, బొమ్మిడాయికీ ఎర్రే ఉండాలి" అన్నారు నాన్న. బొమ్మిడాయిల పులుసు అమ్మ చేత్తో చేస్తే ఎలా ఉండేదో ఆయన చెప్పలేదు, నేనూ అనలేదు.

"ఎర్రలదేముంది, పెరట్లో అరటి పాదులో తవ్వితే గుప్పెడు దొరుకుతాయి" అన్నాను ధీమాగా. చిన్నప్పుడు నాన్న నన్ను పంపేది అక్కడికే. గునపం తీసుకుని ముగ్గురం పెరట్లోకి వెళ్ళాం.

గునపం వేస్తే టంగుమంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మాది నల్లరేగడి, ఆ నేల వేలు దూరేంత బీటలు తీసి ఉంది. అరటి చెట్లు రెండు ఎండిపోయి ఒరిగి ఉన్నాయి. మూడోది ఉందీ లేదూ అన్నట్టుంది. మోకాలి లోతు తవ్వాం. పెళ్ళలు తప్ప ఏమీ లేవు. మా వాడు నా మొహం చూశాడు. నాన్న మాత్రం ఆ ఎండిన చెట్ల వంక చూస్తూ నిలబడ్డారు.

అక్కణ్ణుంచి కాలవకి వెళ్ళాం. గోదావరి కాలవలు ఎండాకాలం కట్టేస్తారని మీకు తెలిసిందే. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా వచ్చే మా కాలవ కూడా అంతే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకి నీళ్ళు వచ్చాయని స్కూల్లో చదువుకున్నాం. ఆ నీళ్ళు ఆపిన నెలలో చూస్తే తెలుస్తుంది అవి లేకపోతే మనం ఏమిటో. పంట బోదె అడుగున తుంగ పక్కన కొంచెం నల్ల బురద ఉంది. తవ్వితే నత్తగుల్లలు వచ్చాయి. ఎర్రలు లేవు.

వీధి చివర పెంటకుప్పలో తవ్వాం. తెల్లగా, బొటనవేలంత లావున పురుగులు బయటపడ్డాయి. "దొరికాయి!" అని మా వాడు ఎగిరాడు. "ఒరే, అవి ఎర్రలు కావు. కొమ్ముపురుగు పిల్లలు. పెద్దవైతే కొబ్బరి చెట్టు మొవ్వు తినేస్తాయి" అని నాన్న నవ్వారు. నిజంగా నవ్వారు. నాకు ఎండ తగ్గినట్టనిపించింది.

మధ్యాహ్నం మావారికి ఫోన్ చేసి చెబితే, "అంత కష్టం దేనికి? ఇక్కడ నర్సరీల్లో వర్మీకంపోస్టు అమ్ముతారు, అందులో వెతికితే దొరుకుతాయేమో, పంపమంటావా?" అన్నారు. ఆ మాట నాన్నకి చెప్పాను. "ఎర్రలు కూడా బస్సులో రావాలా?" అని అటు తిరిగి పడుకున్నారు.

మా వాడు ఫోన్‌లో చదివి చెప్పాడు. వానపాముకి ఊపిరితిత్తులు ఉండవట. చర్మంతోనే గాలి పీల్చుకుంటుందట. ఆ చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి, ఆరిపోతే ఊపిరాడదు. అందుకని నేల ఎండేకొద్దీ లోతుకి వెళ్ళిపోతుంది. కొన్ని రకాలైతే చిన్న గది చేసుకుని, దాని గోడలకి తన జిగురే పూసుకుని, ముడి వేసిన దారంలా చుట్టుకుని పడుకుంటాయట, వాన పడేదాకా. "పడుకుంటాయి, చచ్చిపోవమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. డార్విన్ తన చివరి పుస్తకం వానపాముల మీదే రాశాడట, 1881లో. ఇంట్లో కుండీల్లో పెంచి, వాటి ముందు పియానో వాయించి చూశారట. వినబడలేదు. ఆ కుండీలనే పియానో మీద పెట్టి మీట నొక్కితే మాత్రం గభాల్న బొరియల్లోకి దూరిపోయాయట. చెవులు లేకపోయినా అదురు తెలుస్తుందన్నమాట. నాన్న వింటూనే ఉన్నారు. "అందుకే గదా ఎర్రలు తవ్వేటప్పుడు గెంతకండి అని మీ అమ్మని తిట్టేవాణ్ణి" అన్నారు, నన్ను చూపించి.

సాయంత్రం ఎదురింటి మామ్మ గేటు దగ్గర నిలబడి, "ఏమే, పొద్దుట్నుంచీ గునపం పట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు, లంకెబిందెలకా?" అంది. చెప్పాను. పగలబడి నవ్వి, "రండి, నా అరటి పాదులో చూసుకోండి. నా కంద మొక్క జోలికి మాత్రం పోయారంటే ఊరుకోను" అంది.

ఆవిడ ఇప్పటికీ గిన్నెలు పెరట్లోనే కడుగుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు, కాళ్ళు కడుక్కున్న నీళ్ళు, అన్నీ ఆ అరటి పాదులోకే. పాదు మీద ఎండుటాకులు పరిచి, దాని పక్కన తడి గోనెసంచి వేసి ఉంది. నాన్న నెమ్మదిగా వంగి సంచి అంచు పైకెత్తారు.

ఉన్నాయండీ! నల్లటి మెత్తటి మట్టిలో, మెరుస్తూ, మెలికలు తిరుగుతూ. గునపం అవసరమే లేకపోయింది, పుల్లతో గీరితే చాలు. వీధికి ఇటు రాయిలాంటి నేల, అటు ఇది. మధ్యలో ఉన్నది పదిహేను అడుగులు.

"మామ్మా, ఈ ఎండల్లో ఇవి నీ దగ్గరే ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"నీళ్ళు పోస్తే ఉంటాయి, పొయ్యకపోతే పోతాయి. అందులో వింతేముందే? మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ మీ పెరట్లోనూ ఉండేవిగా" అంది.

నాకు నోట మాట రాలేదు.

అమ్మకి నడుం నొప్పి అని వంటింట్లో సింకు పెట్టించింది మేమే. దాని గొట్టం తిన్నగా వీధి కాలవలోకి పోతుంది. అయినా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పొయ్యనిచ్చేది కాదు. గేదె ఉన్నప్పుడు అవి కుడితిలోకి వెళ్ళేవి. గేదెని అమ్మేశాక అరటికి. సబ్బు నీళ్ళు మాత్రం కలవనిచ్చేది కాదు, "మట్టి చచ్చిపోతుంది" అనేది. సింకు కింద తపేలా పెట్టి, నిండగానే నడుం పట్టుకుని పెరట్లోకి నడిచేది. "ఎందుకమ్మా నీకీ చాకిరీ, నడుం నొప్పని సింకు పెట్టిస్తే!" అని నేను విసుక్కున్నాను కూడా. ఒకసారి కాదు.

చిన్నప్పుడు నేను గుప్పెళ్ళతో తవ్వి తెచ్చిన ఎర్రలు నేలలో వాటంతట అవే ఉంటాయనుకున్నాను. నాన్నా అదే అనుకున్నారేమో. నలభై ఏళ్ళ పాటు మండుటెండల్లో ఆయన గాలానికి ఎర దొరికిందంటే, అది అమ్మ రోజుకి ఆరేడుసార్లు తపేలాతో మోసిన నీళ్ళ వల్ల. ఆ సంగతి అమ్మకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. పోసేది, అంతే. ఆవిడ పోవడం ఆగిపోయిన ఏడాదిలోపే ఆ నేల రాయి అయిపోయింది. ఆ రాయి మీద సోమవారం సిమెంటు పోయించడానికి వచ్చినదాన్ని నేను.

కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి, ఏడు ఎర్రలు పెట్టి, పైన అరిటాకు ముక్క కప్పారు నాన్న. "ఏడు చాలు, మిగతావి ఆవిడ చెట్టుకి ఉండనీ" అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున తాతామనవలు కోడు గట్టుకి వెళ్ళారు. నేనూ ఫ్లాస్కులో టీ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. నాన్న చేతులు వణుకుతుంటే గాలానికి ఎర్ర గుచ్చడం వాడికి నేర్పించారు. కొల్లేరు వైపు నుంచి కొంగలు బారులుగా వెళ్తున్నాయి. నాన్న చాలా మాట్లాడారు. చుట్టూ చేపల చెరువులు రాకముందు ఈ కోడులో చేప ఎలా ఉండేదో, 2006లో కొల్లేరులో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఊళ్ళో ఎవరెవరు ఏడ్చారో, ఎవరెవరు సంతోషపడ్డారో, అన్నీ. ఇప్పుడు బజారుకి వెళ్తే ఎక్కడ చూసినా చెరువులో మేత వేసి పెంచిన బొచ్చె, శీలావతే. "వాటికి ఎర్ర రుచి తెలీదు" అన్నారు.

రెండు జెల్లలు, ఒక మట్టగిడస పడ్డాయి. బొమ్మిడాయి పడలేదు. ఆ మూడింటికే చింతపండు నానబెట్టి పులుసు పెట్టాను. నాన్న పీట వాల్చుకుని కూర్చున్నారు. ఏడాది తర్వాత చేప ముల్లు తీస్తున్న ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

"పులుపెక్కువైందమ్మాయ్. మీ అమ్మయితే..." అని ఆగిపోయారు. తర్వాత ఇంకో రెండు ముద్దలకి అన్నం పెట్టమన్నారు.

ఆ రాత్రే అన్నయ్యకి ఫోన్ చేశాను. పెరడంతా సిమెంటు వద్దు, వెనక గుమ్మం నుంచి బాత్‌రూమ్ దాకా గరుకుగా ఒక బాట వేయించి, పక్కన పట్టుకోవడానికి గొట్టం పెట్టిద్దాం, మిగతాది మట్టిగానే ఉంచుదాం అన్నాను. "వానపాముల కోసమా?" అని వాడు నవ్వాడు. కొంచెం విసుక్కున్నాడు కూడా. వాడి భయం అబద్ధమేమీ కాదు, అందుకే బాట మాత్రం గట్టిగా వేయించాను. మేస్త్రి రెండు రోజుల పని పూటలో అయిపోయిందని సణిగాడు.

వచ్చేముందు సింకు కింద అమ్మ తపేలా మళ్ళీ పెట్టి వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

గూడెం వచ్చాక నేను చేసిన మొదటి పని మా ఇంటి చుట్టూ చూసుకోవడం. నాలుగు వైపులా గచ్చే. గేటు పక్కన కరివేపాకు చెట్టు చుట్టూ మాత్రం గమేళా అంత మట్టి ఉంది. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు అక్కడికే వెళ్తున్నాయి. మీ ఇళ్ళల్లో ఎంత మట్టి మిగిలిందో ఒకసారి చూసి చెప్పండి.

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున నాన్నే ఫోన్ చేశారు. ఈ మధ్య ఆయనంతట ఆయన చేసింది అదే మొదటిసారి.

"అమ్మాయ్, నీళ్ళు రోజూ పోస్తున్నాను. ఎర్రలింకా రాలేదు."

"వస్తాయిలే నాన్నా, వానలు పడనీ" అన్నాను.

"అది కాదు. ఆ మూడో అరటి చెట్టు పక్కన పిలక లేచింది" అన్నారు.